అవ్వ తెచ్చిన కొమ్మ

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద, 1960లలో డర్బన్‌లోని కేటో మేనర్ నుండి మావాళ్ళను ఖాళీ చేయించారు. లారీలో బిందెలతో పాటు అవ్వ ఒక కొమ్మను తడి గోనెలో చుట్టుకొని చాట్స్‌వర్త్‌కు తెచ్చింది. ఆ చెట్టు కిందే నేను పెరిగాను. ఏడాది పొడవునా పచ్చగా ఉండేది. దాని తెల్లపూలు దీపం దగ్గర పెట్టేవాళ్ళం. అవ్వ పోయాక దాని పేరు ఎవరికీ గుర్తులేదు. "పూజ చెట్టు" అనేవాళ్ళం.

ఒకరోజు గుడిలో తెలుగు తరగతికి ఒక రెమ్మ తీసుకెళ్ళాను. "నందివర్ధనం" అన్నారు మా మాస్టారు. ఆకులు నిగనిగలాడుతూ ఎదురెదురుగా, రెండేసి ఉంటాయి. తుంచితే పాలు కారతాయి. పూరేకులు గాలిచక్రంలా మెలితిరిగి ఉంటాయి. గన్నేరుకూ ఆకులు రాలవు. కానీ దాని ఆకులు సన్నగా, పొడవుగా, ఎక్కువగా మూడేసి ఉంటాయి. అది విషం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేశాం. కొనేవారు చెట్టును ఉంచుతారో లేదో! అందుకే సెప్టెంబరులో జానెడు కొమ్మలు ఆరు, కణుపు కిందికి కోశాను. పాలు కడిగి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టాను. మట్టి ఆరకుండా, బురద కాకుండా చూశాను. వేరు వచ్చిందా అని లాగి చూడకండి, చిగురు వచ్చేదాకా ఓపిక పట్టండి.

నాలుగు బతికాయి. ఒకటి మా చెల్లెలికిచ్చాను. కుండీ మీద తెలుగులో పేరు రాశాను: నందివర్ధనం.