గెలుపు లేని యుద్ధ సంగీతం

పొద్దున వంట చేస్తూ స్వరకర్త బీబర్ 'బటాలియా' పెట్టుకున్నాను. మధ్యలో సైనికుల డప్పు మోగింది.

కానీ అందులో డప్పే లేదు!

1673 నాటి యుద్ధ సంగీతం. బాకాల్లేవు, డప్పుల్లేవు. పెద్ద తీగవాద్యం తీగలకి కాగితం తగిలించి వాయించమన్నాడు, అదే డప్పులా గరగరమంటుంది. ఫిరంగి పేలాలంటే కమాను పక్కన పెట్టి, తీగని చేత్తో గట్టిగా లాగి వదలమన్నాడు.

తాగిన సైనికుల ఘట్టంలో ఎనిమిది పాటలు ఒకేసారి. ఎవరి పాట వాళ్లది, ఎవరి శ్రుతి వాళ్లది. కావాలనే అలా రాశాడు. ఎంత ధైర్యం!

నన్ను పట్టేసింది మాత్రం చివరి భాగం.

బీబర్‌కి ముందు జానకాన్ అనే స్వరకర్త 1515 నాటి మరిన్యానో యుద్ధం మీద కట్టిన పాట గెలుపు కేకలతో ముగుస్తుంది. గొంతులతోనే కత్తులూ బాకాలూ వినిపిస్తాడు, అదీ అద్భుతమే. బీబర్ దగ్గర గెలుపు లేదు. గాయపడ్డ సైనికుల ఏడుపు... మెల్లగా, కిందికి జారుతూ... అంతే, అయిపోయింది.

ఎవరు గెలిచారో చెప్పడు. పొయ్యి కట్టేసి అలాగే నిలబడిపోయాను.

మొత్తం పది నిమిషాలే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మీకేమనిపించిందో కింద రాయండి.