మార్లవాయి అడిగే లెక్క

ఉట్నూరు నుంచి జైనూరు మీదుగా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయికి వెళ్లేవాళ్లలో చాలామంది హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు చూడటానికి వెళతారు. నేనూ వాటి ముందు నిలబడ్డాను. కానీ ఈ ఊరి చరిత్రలో వారి పట్ల కృతజ్ఞత కంటే పెద్ద విషయం ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నిజాం బలగాల తూటాలకు నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని అప్పుడుగానీ సర్కారుకు తోచలేదు. ఆ పని మీద వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో ఇక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. ఇక్కడ చదువు నేర్చిన గోండు యువకులు గూడేల్లో పంతుళ్లయ్యారు. అంటే ఈ బడి సర్కారు దయతో పుట్టింది కాదు, జవాబు చెప్పక తప్పని స్థితిలో పుట్టింది.

ఆ ఏర్పాటును ఆకాశానికెత్తనవసరం లేదు. అది నిజాం సర్కారు నడిపిన చిన్న పథకం. అలజడిని చల్లార్చడమూ దాని ఉద్దేశాల్లో ఒకటి. అయినా అందులో ఒక మేలుంది. పంతులు పిల్లల భాష మాట్లాడేవాడు, ఆ జనంలోనే బతికేవాడు. బడికి రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు చుట్టూ ఉండేవారు. ఆ తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, గురుకులాలు వచ్చాయి, ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) వచ్చాయి. ఖర్చు పెరిగింది, భవనాలు పెరిగాయి, ఆ మేలు మాత్రం తరిగిపోయింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, గిరిజనులలో 49.2 శాతం. ఈ అంకె కూడా అక్షరం వచ్చినవాళ్లెందరో చెబుతుంది గానీ చదువు వచ్చినవాళ్లెందరో చెప్పదు. ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, ఎన్ని క్వింటాళ్ల బియ్యం అన్న లెక్కలు ఎప్పటికప్పుడు పై ఆఫీసుకు వెళతాయి. అయిదో తరగతి పిల్ల ఒక పేజీ చదవగలదా అన్న లెక్కను ఆ పిల్ల తల్లికి అప్పజెప్పే ఆనవాయితీ మాత్రం లేదు.

చట్టం లేక కాదు. అయిదో షెడ్యూలు ప్రకారం గవర్నరు షెడ్యూల్డు ప్రాంతాల పాలనపై ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 350ఎ అధికరణ అంటుంది. సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకూ పంచాయతీకీ దక్కాలని 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం (పెసా) చెబుతుంది. అయినా ఆచరణలో జవాబుదారీ ఎప్పుడూ పైకే పోతుంది, గూడేనికి దిగిరాదు. బహిరంగంగా లెక్క చెప్పడం ఎలా ఉంటుందో ఆస్ట్రేలియాలో చూడవచ్చు. అక్కడ ఆదివాసుల చదువు, ఆరోగ్యం, ఉపాధిలో అంతరాలు తగ్గించడానికి లక్ష్యాలు పెట్టుకుని, 2009 నుంచి ఏటా పార్లమెంటుకు నివేదించారు. ఏడు లక్ష్యాలలో రెండే గాడిలో ఉన్నాయని 2020 నివేదిక ఒప్పుకుంది. నివేదికలతోనే పిల్లలకు చదువు వచ్చేయలేదన్నది నిజమే. కానీ ఓటమిని దాచే వీలు పోయింది. అదే ఏడాది ఆదివాసీ సంస్థలను భాగస్వాములుగా కూర్చోబెట్టి కొత్త ఒప్పందం రాసుకున్నారు.

బడి గూడేనికే లెక్క చెప్పాలన్న మాటకు అభ్యంతరాలున్నాయి. మొదటిది కోర్టు తీర్పు. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో తెచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న వాదనను ఒప్పుకోలేదు. సరే, జవాబుదారీ కుల ధ్రువపత్రం మీద ఆధారపడిందేమీ కాదు. గోండీయో కొలామీయో నేర్చుకుని తీరాలని ఏ టీచరుకైనా షరతు పెట్టవచ్చు. టీచర్ల గైర్హాజరీని అరికట్టడానికి తెచ్చిన జీవో పోయాక, ఆ పనికి వేరే దారి వెతకడం సర్కారు బాధ్యత. రెండో అభ్యంతరం: తల్లిదండ్రులే ఇంగ్లీషు మీడియం కోరుతున్నారు కదా, గోండీ గొడవ ఎందుకు? కోరడంలో తప్పు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా బోధన ఉద్దేశం కూడా పిల్లను ఇంటి భాషలోనే ఆపేయడం కాదు, ఆ మెట్టు మీదుగా తెలుగుకూ ఇంగ్లీషుకూ ఎక్కించడం. పైగా ఇంగ్లీషు కోరిన తండ్రి ఫలితాన్నే కోరుతున్నాడు. ఎంత వచ్చిందో అతనికి నిజం చెప్పాలి. మూడోది: చదువురాని గ్రామసభ చదువును ఎలా తూకం వేస్తుంది? చదవడం రానివాళ్లకు వినడం వచ్చు. పట్టా పాసుపుస్తకంలో ఏముందో కూతురు చదివి చెప్పగలిగిందా లేదా అన్నది ఏ తల్లికైనా తెలుస్తుంది. రాయి సెంటర్లలో తగవులు విని తీర్పు చెప్పే సమాజానికి సాక్ష్యం తూచడం కొత్తేమీ కాదు.

కాబట్టి కావలసింది మరో పథకం కాదు. ఏడాదికి ఒక రోజు ప్రధానోపాధ్యాయుడూ ఐటీడీఏ అధికారీ గ్రామసభ ముందు, గూడెం భాషలో, నాలుగు లెక్కలు చెప్పాలి: ఎందరు చేరారు, ఎందరు చదవగలరు, పదో తరగతికి చేరకముందే ఎందరు మానేశారు, టీచరు కుర్చీ ఎన్ని రోజులు ఖాళీగా ఉంది. సభ అన్న మాటలు ఉన్నవున్నట్టు గవర్నరు నివేదికలో చేరాలి. మార్లవాయికి చెందిన గుస్సాడి నృత్య గురువు కనకరాజుకు పద్మశ్రీ ఇచ్చి ఢిల్లీ ఈ ఊరి ఆటను గౌరవించింది. ఈ ఊరి ప్రశ్నను గౌరవించడం ఇంకా మిగిలే ఉంది. 1943లో సర్కారు ఇక్కడికి రావడానికి జోడేఘాట్‌లో ప్రాణాలు పోవలసి వచ్చింది. ఇకనైనా గ్రామసభ తేదీ ఒక్కటి చాలాలి.