మా మామ దీనారము

గత శివరాత్రికి శ్రీశైలము పోయినపుడు, పాతాళగంగలో పుట్టి వేసి చేపలు పట్టుకొని బ్రదుకు మా మేనమామ నన్ను ప్రక్కకు బిలిచి, పాతగుడ్డలో మూటగట్టిన యొక తెల్లని బిళ్లను జూపెను. జలాశయము వట్టినపుడు బురదలో దొరకినదని చెప్పి యెవడో బాటసారి యమ్మెనట. క్రొత్తపుట్టికై దాచిన యెనిమిదివేల రూపాయలును దానికే పోయినవి. "అల్లుడా! ఇది రోము రాజుల నాటి వెండియేనా? మీ అత్తతో నింకను జెప్పలేదు" అనెను.

చూడగానే నా గుండె యుబ్బినది. ఒకవైపు ఆకులదండ దాల్చిన శిరస్సు. రెండవవైపు పీఠముపై గూర్చున్న స్త్రీ, ఒక చేత దండము, రెండవ చేత కొమ్మ. తిబెరియసు చక్రవర్తి దీనారము! ఆ పీఠముపై నున్నది రాజమాత లివియాయని పలువురు తలంతురు. మన దక్షిణదేశమున దొరకిన రోమక వెండి నాణెములలో అధికభాగము అగస్టసువి, ఈ తిబెరియసువియే. ఏటి కావల నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో నొక్కచోటనే 1531 దొరకినవి. ఏటి దిగువను నాగార్జునకొండ యిక్ష్వాకు శాసనములలో 'దీనారి మాషకము' లను మాటయు గలదు. కావున మామకు దొరకుట యసంభవము గాదని నేను తొందరపడి తలంచితిని.

పిమ్మట అక్షరములు చదువబూనితిని. ఆ నాణెములపై సంవత్సర ముండదు. బిరుదులను బట్టియే కాలము నిర్ణయింపవలెను. శిరస్సు చుట్టును 'దివ్యుడైన అగస్టసు కుమారుడు తిబెరియసు కైసరు' అను నర్థము గల పొడియక్షరములు, స్త్రీ ప్రక్కన 'పాంటిఫ్ మాక్సిమ్', అనగా ప్రధానార్చకుడు, అని యుండవలెను. ఉన్నవి. కాని మైనపు ముద్దపై వ్రాసినట్లు మెత్తబడియున్నవి. అరిగిన నాణెమున నెత్తైన చెక్కిలి ముందరిగి, పల్లమున నక్షరపు టంచులు కొంత నిలుచును. ఇందు చెక్కిలి నిండుగానే యున్నది, అక్షరములే కరగినవి. అప్పుడే నాకు సందేహము పుట్టినది. అయినను నోరు రాలేదు.

మరునాడు ఆత్మకూరులో నొక కంసాలి త్రాసున దూచితిమి. క్రీ.శ. 64లో నీరో తగ్గించుటకు ముందటి దీనారము సుమారు మూడుంబావు మొదలు నాలుగు గ్రాముల లోపల దూగును. సింహళరాజు వేర్వేరు రాజుల ముఖములున్న దీనారము లన్నియు నొకే తూకము దూగుట జూచి రోమకుల నిజాయితికి మెచ్చెనని ప్లీనీ వ్రాసెను. మామ బిళ్ల రెండున్నర దూగెను. కంసాలి దానిని నిలువబెట్టి యంచు జూపెను: నడుమ సన్నని గీత, మూసలోని రెండు ముక్కలు కలిసిన చోటు. సుత్తిదెబ్బతో ముద్రించిన దానికి ఆ గీత యుండదు. ఒరగల్లుపై గీయగా వెండి గీటు పడలేదు.

నిజమైన నిధియే యైనను 1878 నాటి చట్టము చొప్పున కలెక్టరునకు దెలుపవలసినదే యని నేను మామతో ననబోయి, ఆ ముఖము జూచి మానుకొంటిని.

చాలసేపటికి మామ, "ఈ రాజు ముఖమును అబద్ధమేనా?" అని యడిగెను.

"ముఖము నిజమే, మామా. నిజమైన దానిని జూచియే అచ్చు దీసినారు."

ఆయన బిళ్లను మరల గుడ్డలో జుట్టి, "మీ అత్తతో నేనే చెప్పెదను" అని బస్సు వచ్చు దారివైపు నడచెను.