ఆళాక్కు పప్పు ఎన్ని గ్రాములు?

మా పెద్దలు ఏ కాలంలోనో తెలుగునాడు వదిలి కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి భూములకు వచ్చి సేద్యం చేసుకున్నవాళ్ళు. ఇంట్లో మాట తెలుగే, కొలత మాత్రం అరవం. రెండు ఆళాక్కులు ఒక ఉళక్కు, రెండు ఉళక్కులు ఒక ఉరి, రెండు ఉరులు ఒక పడి. అంటే పడికి ఎనిమిది ఆళాక్కులు. గిద్ద, సోల, తవ్వ, మానిక అనే పాత తెలుగు కొలతల్లో మా ఇంట మిగిలింది గిద్ద ఒక్కటే, అదీ నూనెకే. "గిద్దెడు నూనె పొయ్యి" అనే మాట ఇప్పటికీ మా ఆడవాళ్ళ నోట వస్తుంది.

మా అవ్వ వంటలన్నీ ఒక ఇత్తడి ఆళాక్కు లెక్కలోనే ఉండేవి. అవ్వ పోయింది. ఆళాక్కు ఒకటే, కాపురాలు ఐదు. బెంగుళూరు నుండి, అమెరికా నుండి పిల్లలు ఫోన్ చేసి "అత్తా, ఉగాది పోళీలకు పప్పెంత?" అంటారు. "రెండాళాక్కులు" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళింట్లో ఉండేది గ్రాముల తూకం. అందుకని పండగకు అందరమూ కూడినప్పుడు ఆ ఆళాక్కును తూకం మీద పెట్టి చూశాము.

ముందు నీళ్ళు పోశాము. మిల్లీలీటరు నీళ్ళు ఒక గ్రాము కాబట్టి పాత్ర ఎంత పడుతుందో తెలిసిపోతుంది. మాది 170 మి.లీ. తర్వాత ఒక్కో పప్పు పోసి, పైన చేత్తో తలకొట్టి తూచాము. కందిపప్పు 140 గ్రాములు, శెనగపప్పు కూడా అంతే. పెసరపప్పు, మినపగుండ్లు 145. పుట్నాలపప్పు మాత్రం 110 దాటలేదు, వేగి గుల్లబారింది కదా. తలకొట్టకుండా పోగుగా కొలిస్తే ఆళాక్కుకు ఇంకో 10, 15 గ్రాములు ఎక్కువ వస్తుంది. అవ్వ ఎప్పుడూ తలకొట్టే కొలిచేది.

ఈ లెక్కన మా పడి కందిపప్పు 1,120 గ్రాములు. "పడి అంటే కిలోనేలే" అని కొంటే దాదాపు ఒక ఆళాక్కు తక్కువవుతుంది. నలుగురికి సాంబారుకు అర ఆళాక్కు, అంటే 70 గ్రాములు చాలు.

ఇడ్లీకి నాలుగు బియ్యం, ఒకటి మినపగుండ్లు అనే లెక్కకు ఏ పాత్రైనా సరిపోతుంది. బియ్యమూ పప్పూ బరువులో దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి తూచినా పెద్ద తేడా రాదు. చిక్కంతా పిండితోనూ బెల్లంతోనూ. మినుములు వేయించి విసిరితే పిండి ఆళాక్కు మీరుతుంది, తూకం మాత్రం దాదాపు మారదు. అందుకే సున్నుండలకు విసరకముందే కొలవాలి. పోళీలకు అవ్వ లెక్క ఆళాక్కు శెనగపప్పుకు ఆళాక్కు బెల్లం పొడి. ఆ బెల్లాన్ని మెత్తగా కొట్టి పోస్తే ఒక తూకం, పలుకుగా పోస్తే ఒక తూకం. పిల్లలకు పప్పెంతో బెల్లమంత తూచుకోమని చెప్పాము.

మా అంకెలు మీ ఇంటికి సరిపోవు. పడి ఊరికొక తీరు. కన్నడ సీమలో ఉన్న మనవాళ్ళకు పావు, సేరు ఉన్నాయి. సేరుతో ఇంకో తికమక ఉంది. కొలిచే సేరు వేరు, తూచే సేరు వేరు. వీశల కాలంలో తూకం సేరంటే 24 తులాలు, అంటే 280 గ్రాములు. అలాంటివి ఐదైతే వీశ. 1956లో చట్టం వచ్చి, 1958 నుండి మెల్లమెల్లగా కిలోలు వచ్చాక అంగడిలో ఆ పేర్లు పోయాయి, వంటింట్లో నిలిచాయి.

మీ ఇంట్లో సోలో, పావో, ఆళాక్కో ఏదుంటే దాన్ని నీళ్ళతో ఒకసారి, పప్పుతో ఒకసారి తూచి, ఆ అంకెలు వంటల నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టండి. తలకొట్టి కొలిచేవాళ్ళా, పోగుగా కొలిచేవాళ్ళా అన్నది పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, అదీ పక్కన రాయండి. ఆ సంగతి ఏ తూకమూ చెప్పదు.