పొగ లేని నిప్పు

మన సీమలో ఎండను గూర్చి చెప్పుకొన్నంతగా చలిని గూర్చి చెప్పుకోము. అయినను సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తునున్న హిందూపురంలోను, కొండ నీడనున్న పెనుకొండలోను, చేనేతకు పేరొందిన ధర్మవరంలోను పుష్యమాసపు వేకువలు వణికిస్తాయి. పాశ్చాత్య దేశాలలో వలె గోడలో పొయ్యి, దానిపై పొగగొట్టము మన ఇళ్ళకు లేవు. మనకున్నది కుంపటి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దానినే అంగీఠీ అంటాము. పురిటి గదిలో నిప్పులుంచి, సాంబ్రాణియో లోబానో వేసి తల్లీబిడ్డలను కాచుకొనే ఆచారంలో మన రెండు భాషలకు భేదము లేదు.

మా పెద్దల మట్టిమిద్దెలలో వెలుతురు రావడానికి, పొగ పోవడానికి కప్పులో గవాచి ఉండేది. నేడు మిద్దె పోయి సిమెంటు కప్పు వచ్చింది. గవాచి పోయి అద్దాల కిటికీ వచ్చింది. కుంపటి మాత్రము కొన్ని ఇళ్ళలో అలాగే నిలిచింది. ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది.

ధర్మవరంలోని మా బంధువుల ఇంట ఒక చలిరాత్రి బాలింతకు తలనొప్పి, వాంతులు మొదలైనవి. శీతగాలి తగిలిందని అవ్వ తలుపు మరింత బిగించింది. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నందున వాటిని ఎవరును శంకించలేదు. మగ్గము దిగి వచ్చిన మామ, బిడ్డ ఏడుపు వినబడదేమని తలుపు తెరచి, ఇద్దరినీ బయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చాడు. కనుకనే వారు దక్కారు.

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత నిజమే. అంతమాత్రాన పొగ లేని నిప్పు నిరపాయమైనది కాదు. చాలినంత గాలి లేక కాలే బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె దానిని 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొంటుంది. 4వ శతాబ్దంలో రోమను పాలకుడు జూలియన్ పారిస్ చలికి గదిలోనికి నిప్పులు తెప్పించుకొని, ఊపిరాడక చావు తప్పి బయటపడినట్లు తానే వ్రాసుకొన్నాడు. 1857లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఈ వాయువు రక్తాన్ని ఎట్లు చెరుపుతుందో వివరించాడు. రాజమందిరమైనను, నేతగాని ఇల్లైనను దానికి ఒక్కటే.

కావున విద్యార్థి సోదర సోదరీమణులారా, కుంపటి ఆరుబయటనే ఉండాలి. పడకగదిలోనికి రాకూడదు. బూడిద కప్పిన నిప్పు కూడ ఆ విషవాయువును విడుస్తూనే ఉంటుంది. పట్టు, కిరసనాయిలు దాని దరికి చేరరాదు. చలి కాచుకొనే చోట ఒక్కసారిగా పలువురికి తల తిరిగితే, గాలి తగిలిందని తలుపు మూయక, అందరినీ వెలుపలికి తెచ్చి 108కి ఫోను చేయాలి. పసికందుకు తల్లి ఒడి, కుళ్ళాయి, కంబళి ఇచ్చే వెచ్చదనము మేలైనది.

అవ్వ తలుపు మూసినది మమకారంతోనే. చదువుకొన్న మనము అవ్వకైనా, నానీకైనా ఎదురు చెప్పుట కాదు. ఆ మమకారాన్ని మన్నిస్తూనే, మెల్లగా ఆ తలుపు తెరిపించాలి.