మరువకు తలుపుండదు

అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా వెళ్తే బెళుగుప్ప వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే జిల్లా ఇది. దారి పొడవునా వేరుశనగ చేలు, బోర్లు, నల్లటి డ్రిప్పు పైపులు. శ్రీశైలం వెనుక జలాల నుంచి మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణమ్మ, హంద్రీ-నీవా కాలువలో రెండొందల కిలోమీటర్లకు పైగా నడిచి, 2012లో ఈ మండలంలోని జీడిపల్లి రిజర్వాయరుకి చేరింది.

ఇలాంటి చోట అక్వేరియం సామాన్లు కొంటానంటే మా మామ పడీపడీ నవ్వాడు. "నీళ్లకు మేము ఏడుస్తాంటే నువ్వు చేపలకు పైపులేస్తావా అబ్బీ!" అన్నాడు. కానీ నాకు కావాల్సినవన్నీ డ్రిప్పు సామాన్ల కొట్లోనే దొరికాయి: అంగుళం పీవీసీ పైపు, టీలు, ఎల్బోలు, ట్యాంక్ నిపుల్స్, యూనియన్లు, ఒక గేట్ వాల్వ్, గమ్ము డబ్బా.

బెంగళూరులో నా గదిలో ఉన్న ట్యాంకు సంగతి చెప్తాను. కింద సంప్‌లోంచి మోటారు నీళ్లు పైకి తోస్తుంది. పైన నిండిన నీళ్లు పైపులోంచి కిందికి రావాలి. ఒక్కటే పైపు పెడితే నీళ్లతో పాటు గాలి కూడా దూరి రాత్రంతా గుడగుడమంటుంది. పైగా ఒక్క ఆకు అడ్డం పడినా నీళ్లు నేల మీదికే!

దీనికి మందు మూడు పైపులు. మొదటిదాని మూతి ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉంటుంది. గేట్ వాల్వుని కొంచెం కొంచెం తిప్పి, గాలి దూరకుండా పైపు నిండా నీళ్లు పారేలా సరిచేస్తాం. గాలి లేదు కాబట్టి చప్పుడూ లేదు. బాల్ వాల్వ్ పావు చుట్టుకే మొత్తం తెరుచుకుంటుంది, దానితో అంత సన్నగా సరిచేయడం కష్టం. రెండో పైపులో మిగిలిన కాసిని నీళ్లు గోడ వెంట జారిపోతాయి. మూడోది ఆ రెండింటికన్నా ఎత్తులో ఖాళీగా ఉంటుంది. మొదటిది మూసుకుపోతే దాని అవసరం పడుతుంది. దానికి వాల్వ్ అస్సలు పెట్టకూడదు.

కొట్టు బయట టీ తాగుతూ ఇదంతా చెప్తే మామ తేలిగ్గా తీసిపారేశాడు. "ఇందులో కొత్తేముంది? చెరువుకు తూముంటాది, మరువుంటాది. తూముకు తలుపుంటాది. మరువకు తలుపు పెడతారా ఎవురైనా?"

నిజమే. పొలానికి ఎంత కావాలో అంత వదలడానికి తూము. కట్ట తెగకుండా అదనపు నీళ్లు వాటంతటవే పొర్లిపోవడానికి మరువ. అర్ధరాత్రి వరదొస్తే తలుపు తీయడానికి మనిషి పరిగెత్తాల్సిన పని లేదు.

కానీ కరువు సీమలో మరువకు ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి చెరువు నిండకపోతే దాని సంగతే ఎవరికీ గుర్తుండదు. కంపచెట్లు మొలుస్తాయి, పూడిక చేరుతుంది. తర్వాత ఏదో ఒక ఏడాది వాన కుమ్మేస్తుంది. రాయలసీమ అంటే ఎండే అనుకుంటాం గానీ, 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. దిగువ ఊళ్లలో ఇళ్లు పోయాయి, మనుషులూ పోయారు.

మీరూ ట్యాంకు కట్టుకుంటుంటే చేపలు వేసే ముందు ఒక పరీక్ష చేయండి. మోటారు నడుస్తుండగా మొదటి పైపు వాల్వ్ పూర్తిగా మూసేయండి. మిగతా రెండూ మొత్తం నీళ్లు మోయగలిగితేనే నమ్మండి. తర్వాత నెలకోసారి మూడో పైపు మూతి చూడండి. ఖాళీగా ఉండేదానిలోనే నత్తలు చేరతాయి. మీ ఊళ్లో చెరువుంటే, వానలకు ముందు ఒకసారి మరువ దాకా నడిచి వెళ్లండి. కంప మొలిచి ఉంటే ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అది కొట్టించాల్సింది చెరువు ఎండి ఉన్నప్పుడే.