ఈత సంగతి దాచవద్దు

ఎండలు ముదిరి పిల్లలు జల్‌పల్లి చెరువు వైపు నడుస్తుంటే, నేను నడుముకు ఎండు సొరకాయలు కట్టుకుని ఈత నేర్చిన బావి గుర్తుకొస్తుంది. అక్కడ మునుగుతామన్నదొక్కటే భయం.

మురుగు చేరిన నీరు గుక్కెడు మింగితే విరేచనాలు. అందులో ఎలుకల మూత్రం కలిస్తే, కాలిమీది చిన్న గాయం చాలు, లెప్టోస్పైరోసిస్ రావడానికి. దానికి డాక్సీసైక్లిన్ ఉంది. నెగ్లీరియా అమీబా తీరు వేరు. మింగితే ఏమీ చేయదు, ముక్కులోంచి మెదడుకెక్కుతుంది. బహు అరుదు, సోకితే మాత్రం దాదాపు మరణమే. 2024లో కోజికోడ్ జిల్లాలో 14 ఏళ్ళ బాలుడొకడు బతికి బయటపడ్డాడు. చెరువులో ఈదిన సంగతి తండ్రి వైద్యులకు చెప్పబట్టి మందులు త్వరగా మొదలయ్యాయి.

మన పిల్లలేమో తిడతామని ఆ సంగతే దాస్తారు. మురుగు చెరువు వద్దన్నాం గానీ, మా ఇంట్లో ఈతకు తిట్టడం మానేశాం. ముక్కుకు క్లిప్పు కూడా కొనిచ్చాం.